ఊళ్లో అమ్మానాన్నలు, బంగాళాఖాతంలో తుపాను: హైదరాబాద్‌లో ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్‌లో స్థిరపడిన కోస్తా కుటుంబాలలో అవే సందేహాలు మళ్లీ తలెత్తుతాయి. ఉద్యోగం కూకట్‌పల్లిలోనో వనస్థలిపురంలోనో ఉంటుంది, కన్నవారు మాత్రం అవనిగడ్డలోనో అమలాపురంలోనో ఉప్పాడలోనో ఉంటారు. ఇంత దూరం నుంచి మనం చేయగలిగినదంతా తుపాను తీరం చేరడానికి ఒకటి రెండు రోజుల ముందే చేయాలి. ఆ గడువు దాటాక ఫోను కలవడం కూడా గగనమే. అందుకే ప్రశ్నలను దశలవారీగా ఇక్కడ కూర్చాను. ఎవరికి కావలసిన జవాబు దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు.

## సముద్రంలో సుడి కనిపించిన రోజుల్లో

అల్పపీడనం ఏర్పడిందట. ఇప్పటి నుంచే కంగారు పడాలా?

కంగారు అవసరం లేదు, కానీ ఆ రోజు నుంచి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వాతావరణ శాఖ ప్రకటన చదవడం మొదలుపెట్టాలి. బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలలో చాలావరకు తుపానుగా మారకుండానే బలహీనపడిపోతాయి. సుడి చుట్టూ వీచే గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం అనీ, 50కి చేరితే తీవ్ర వాయుగుండం అనీ, 62కు చేరితే తుపాను అనీ భారత వాతావరణ శాఖ ప్రకటిస్తుంది. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను మొదలవుతాయి. 222 కిలోమీటర్లకు చేరితే అది సూపర్ సైక్లోన్. ఈ మెట్లన్నీ ఎక్కడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, వెచ్చని సముద్రం దొరికితే ఒక్క రోజులోనే రెండు మెట్లు ఎక్కవచ్చు.

అయితే "వాయుగుండమే కదా" అని తేలిగ్గా తీసుకోవడం పెద్ద పొరపాటు. ఈ మెట్లన్నీ గాలిని కొలుస్తాయి తప్ప వానను కొలవవు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచింది కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండమే. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు పొంగడానికి కారణమైనదీ వాయుగుండమే. దానికి పేరు పెట్టేంత గాలి కూడా లేదు.

ఏ నెలల్లో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

బంగాళాఖాతంలో తుపానులకు ఏడాదిలో రెండు కాలాలున్నాయి: నైరుతి రుతుపవనాలకు ముందు ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వరకు ఒకటి, అవి వెనుదిరిగాక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రెండోది. ఆంధ్ర తీరానికి రెండోదే ఎక్కువ బాధాకరం. 1977 నవంబరులో దివిసీమ, 1996 నవంబరులో కోనసీమ, 2014 అక్టోబరులో విశాఖపట్నం, 2023 డిసెంబరులో బాపట్ల, 2025 అక్టోబరులో నరసాపురం పరిసరాలు దెబ్బతిన్నది ఈ కాలంలోనే. పైగా వరి కోతలు కూడా ఈ నెలల్లోనే వస్తాయి. మే నెలను మాత్రం మరిచిపోకూడదు. 1990లో కృష్ణా డెల్టాను కుదిపిన తుపాను మే 9న తీరం దాటింది.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి "కేటగిరీ ఎంత?" అని అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?

అక్కడి హరికేను, ఇక్కడి తుపాను ఒకే రకమైన వాతావరణ వ్యవస్థలు. పుట్టిన సముద్రాన్ని బట్టి పేరు మారుతుంది. అక్కడ గంటకు 119 కిలోమీటర్ల గాలి దగ్గర మొదటి కేటగిరీ మొదలవుతుంది, కాబట్టి మన అతి తీవ్ర తుపాను సుమారుగా అక్కడి మొదటి కేటగిరీతో మొదలవుతుందని చెప్పవచ్చు. ఒక తేడా ఉంది: అమెరికాలో ఒక నిమిషం పాటు వీచిన గాలి సగటును తీసుకుంటే, మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటును తీసుకుంటుంది. అందువల్ల ఒకే తుపానుకు అమెరికా సంస్థ ఇచ్చే అంకె మన అంకె కంటే కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి "ఇక్కడ దాచిపెడుతున్నారు" అని వాట్సాప్‌లో ప్రచారం చేయడం అన్యాయం.

ఈ పేర్లు ఎవరు పెడతారు?

ఉత్తర హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న 13 దేశాలు తలా 13 పేర్ల చొప్పున ఇచ్చిన 169 పేర్ల జాబితా 2020లో విడుదలైంది. గాలి వేగం తుపాను స్థాయికి చేరగానే ఢిల్లీలోని వాతావరణ కేంద్రం వరుసలో తరువాతి పేరును కేటాయిస్తుంది. 2023 డిసెంబరు నాటి తుపాను మిచాంగ్‌ది మయన్మార్ ఇచ్చిన పేరు, 2025 అక్టోబరు నాటి మొంథాది థాయిలాండ్ ఇచ్చినది. పేరుకూ తీవ్రతకూ ఏ సంబంధమూ లేదు.

## దారిని గమనించేటప్పుడు

ఎవరి మాట నమ్మాలి? ఎక్కడ చూడాలి?

తుపాను స్థానం, తీవ్రత, దారి విషయంలో భారత వాతావరణ శాఖదే అధికారిక ప్రకటన. ఆంధ్ర తీరానికి సంబంధించిన హెచ్చరికలు విశాఖపట్నంలోని తుపాను హెచ్చరిక కేంద్రం నుంచి, అమరావతి వాతావరణ కేంద్రం నుంచి వస్తాయి. ఏ మండలంలో ఖాళీ చేయిస్తున్నారు, ఎక్కడ పునరావాస కేంద్రం తెరిచారు అన్న సమాచారానికి ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటనలు చూడాలి. అలల ఎత్తు, ఉప్పెన అంచనాలు సిద్ధం చేసే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ మన నగరంలోనే, ప్రగతినగర్‌లో ఉంది. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్ నుంచే దేశంలోని మత్స్యకారులందరికీ సముద్రపు కబురు వెళుతోందన్నది ఇక్కడివారికే చాలామందికి తెలియదు.

ఫోనులో మౌసమ్ యాప్, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ యాప్ పెట్టుకుంటే చాలు. ముఖ్యంగా ఊళ్లో ఉన్న పెద్దవారి ఫోనులో సచేత్ పెట్టి, వారి జిల్లాను ఎంచుకుని ఇవ్వండి.

టీవీలో ఒక దూరం, ఫోనులో ఇంకో దూరం చెబుతున్నారు. ఏది సరైనది?

రెండూ సరైనవే కావచ్చు, కాకపోతే వేర్వేరు గంటలవి. సముద్రంలో తుపాను బలపడ్డాక వాతావరణ శాఖ మూడు గంటలకొకసారి ప్రకటన ఇస్తుంది. తీరం దగ్గర పడ్డాక గంట గంటకూ స్థానం చెబుతుంది. ప్రతి ప్రకటనలోనూ "ఉదయం 8.30 గంటల సమయానికి మచిలీపట్నానికి ఇన్ని కిలోమీటర్ల దూరంలో" అన్నట్టు పరిశీలించిన సమయం రాసి ఉంటుంది. ఆ సమయాన్ని చదవకుండా దూరాన్ని మాత్రమే చూస్తే, మధ్యాహ్నం రెండింటికి ఉదయపు స్థానాన్ని చూసి ఇంకా చాలా దూరం ఉందని భ్రమపడే ప్రమాదం ఉంది. మీకు ఎవరైనా చిత్రం పంపితే ముందు దాని తేదీ, గంట చూడండి. అవి కత్తిరించి ఉన్న చిత్రాన్ని ఇంకొకరికి పంపకండి.

"గంటకు 12 కిలోమీటర్ల వేగం" అంటున్నారు, మళ్లీ "గంటకు 100 కిలోమీటర్ల గాలి" అంటున్నారు. ఇదేమిటి?

గిర్రున తిరుగుతూనే నేల మీద మెల్లగా జరిగే బొంగరాన్ని గుర్తు తెచ్చుకోండి. తుపాను మొత్తంగా ముందుకు జరిగే వేగం మొదటి అంకె, దాని చుట్టూ తిరిగే గాలి వేగం రెండో అంకె. ఇల్లు తట్టుకుంటుందా, స్తంభాలు నిలుస్తాయా అన్నది రెండో అంకెను బట్టి ఉంటుంది. మనకు ఎంత సమయం మిగిలింది, ఎంత వాన కురుస్తుంది అన్నది మొదటి అంకెను బట్టి ఉంటుంది. మెల్లగా కదిలే తుపానును చూసి ఊపిరి పీల్చుకోవడానికి లేదు. అది ఒకే చోట ఎక్కువ గంటలు నిలిచి కుండపోతగా కురుస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ చెన్నైకి దగ్గరగా తీరం వెంబడి నెమ్మదిగా సాగినప్పుడు, అది తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా ముందుగా మునిగినది చెన్నై నగరం.

మ్యాపులో గీత మా ఊరి మీదుగా పోవడం లేదు. మేము క్షేమమే కదా?

కాదు. ఆ గీత తుపాను కేంద్రం వెళ్లే అవకాశమున్న దారి మాత్రమే. గీతకు రెండు పక్కలా గరాటులా వెడల్పవుతూ పోయే భాగం అంచనా తప్పగల పరిధిని చూపిస్తుంది. కేంద్రం అందులో ఎక్కడైనా ఉండవచ్చు. ఇరవై నాలుగు గంటల ముందు చెప్పిన స్థానానికీ వాస్తవ స్థానానికీ మధ్య తేడా ఈ మధ్య సంవత్సరాలలో సగటున ఎనభై కిలోమీటర్ల లోపే ఉంటోంది. శాస్త్రపరంగా ఇది గొప్ప పురోగతి, కానీ మన తీరం మీద ఎనభై కిలోమీటర్లంటే బాపట్లకూ మచిలీపట్నానికీ ఉన్నంత ఎడం. మూడు రోజుల ముందైతే తేడా ఇంకా ఎక్కువ.

ఆ గరాటు తుపాను పరిమాణాన్ని చెప్పదన్నది మరో సంగతి. భారీ గాలులు, వాన కేంద్రానికి వంద, రెండు వందల కిలోమీటర్ల దూరం దాకా విస్తరించవచ్చు. కాబట్టి గీత ఎక్కడుందని కాక, మీ జిల్లాకు, మీ మండలానికి ఏ హెచ్చరిక ఇచ్చారో చదవండి.

పది రోజుల ముందే ఒక యాప్ మా ఊరి మీద ఎర్రటి సుడి చూపిస్తోంది. నమ్మవచ్చా?

అది ఏదో ఒక కంప్యూటర్ నమూనా వేసిన లెక్క. అమెరికా నమూనా ఒకటి, ఐరోపా నమూనా ఒకటి, మన నమూనాలు కొన్ని ఉన్నాయి. సుడి ఇంకా పుట్టకముందు అవన్నీ తలో దారీ చూపిస్తాయి, ఆరు గంటలకొకసారి మాట మారుస్తాయి. వాతావరణ శాస్త్రవేత్తలు వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి, ఇన్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతో, విశాఖపట్నం, మచిలీపట్నం, చెన్నై రాడార్లతో సరిపోల్చి ఒక నిర్ణయానికి వస్తారు. ఆసక్తితో చూడటంలో తప్పులేదు, ఆ చిత్రాన్ని ఊళ్లోని పెద్దవారికి పంపి భయపెట్టడమే తప్పు.

ఓడరేవులో మూడో నంబరు హెచ్చరిక సూచిక ఎగరేశారట. అంటే ప్రమాదం పెద్దదేనా?

ఆ సూచికలు ప్రధానంగా ఓడల కోసం, పడవల కోసం ఉద్దేశించినవి. ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న వ్యవస్థను తెలుపుతాయి. మూడు, నాలుగు నంబర్లు ఆ రేవుకే ఈదురుగాలుల ముప్పు ఉండవచ్చని చెబుతాయి. ఐదు నుంచి ఏడు ప్రమాదాన్ని, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదాన్ని సూచిస్తాయి. పదకొండో నంబరు ఎగిరిందంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. మీ వారు వేటకు వెళ్లే కుటుంబమైతే ఏ నంబరైనా సరే, వేటకు వెళ్లవద్దన్న ప్రకటన వెలువడిన క్షణం నుంచి పడవ ఒడ్డునే ఉండాలి.

## తీరం దాటడానికి రెండు మూడు రోజుల ముందు

గాలికి భయపడాలా, ఉప్పెనకు భయపడాలా?

తీరానికి దగ్గరలో ఉన్న పల్లపు గ్రామాలలో మొదట ఉప్పెనకే భయపడాలి. తుపానులో ఎక్కువ ప్రాణాలు తీసేది నీరే. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగినది అందుకు సాక్ష్యం. సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచిన సముద్రం నాగాయలంక, కోడూరు ప్రాంతాల ఊళ్ల మీద పడి దాదాపు పది వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ రోజు గాలికి కూలిన ఇళ్లలో మరణించినవారి కంటే నీటిలో కొట్టుకుపోయినవారే చాలా ఎక్కువ.

ఉప్పెన ఎలా వస్తుందో తెలిస్తే ఎవరికి ముప్పు ఎక్కువో అర్థమవుతుంది. తుపాను కేంద్రంలో పీడనం తగ్గడం వల్ల సముద్ర మట్టం కొంత పెరుగుతుంది, కానీ అది చిన్న భాగమే. పీడనం ఒక హెక్టోపాస్కల్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే నీరు పెరిగేది సుమారు ఒక సెంటీమీటరే. అసలు బలం గాలిది. అది గంటల తరబడి నీటిని ఒడ్డువైపు నెడుతుంది, తీరానికి దగ్గర సముద్రం లోతు తక్కువగా ఉంటే ఆ నీరు వెనక్కి పోలేక పైకి లేస్తుంది. అదే సమయానికి పోటు కూడా ఉంటే రెండూ కలుస్తాయి. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది గనుక, తుపాను నడిచే దిశకు కుడివైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. అంటే తుపాను వాయవ్యంగా కదులుతూ బాపట్ల దగ్గర తీరం దాటుతుంటే, ఎక్కువ ఉప్పెన బాపట్లకు ఉత్తరాన, దివిసీమ, మచిలీపట్నం వైపు వస్తుంది. 1977లో జరిగినదీ ఇదే: తుపాను కేంద్రం చీరాల, నిజాంపట్నం వైపు తీరం దాటింది, ప్రాణాలు పోయినది దానికి కుడిపక్కనున్న దివిసీమలో. "మా దగ్గర దాటడం లేదు" అన్న ధీమా ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి తెలుసుకోవాలి.

మా ఊరు సముద్రానికి పది కిలోమీటర్లు ఉంటుంది. అక్కడికి నీరు వస్తుందా?

దూరం కంటే ఎత్తు ముఖ్యం. కృష్ణా, గోదావరి డెల్టాలలో నేల దాదాపు సమతలంగా ఉండటం వల్ల ఉప్పునీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి రాగలదు, 1977లో వచ్చింది కూడా. ఉప్పుటేర్లు, మురుగు కాలువలు, నది పాయలు సముద్రపు నీటికి తెరిచిన దారులు. వాటి గట్ల పక్కన ఉన్న ఇళ్లకు ముప్పు ఎక్కువ. ఉత్తరాంధ్రలో విశాఖపట్నం వంటి చోట్ల నేల త్వరగా ఎత్తుకు లేస్తుంది కాబట్టి ఉప్పెన అంత లోపలికి రాదు, అక్కడ గాలి, కొండవాగులు, కొండచరియలు ఎక్కువ బాధ పెడతాయి. మీ ఊరు ముంపు జాబితాలో ఉందో లేదో గ్రామ సచివాలయంలో ముందే అడిగి తెలుసుకోండి. తుపాను లేని రోజుల్లో అడిగితే ఓపికగా చెబుతారు.

అమ్మానాన్నలను హైదరాబాద్ తీసుకురావాలా? ఎప్పటిలోగా నిర్ణయించుకోవాలి?

నిర్ణయం తీరం దాటడానికి 48 గంటల ముందు జరగాలి, ప్రయాణం 24 గంటల ముందే పూర్తి కావాలి. వాతావరణ శాఖ హెచ్చరికల క్రమం కూడా అలాగే ఉంటుంది: సుమారు 72 గంటల ముందు ముందస్తు సూచన, 48 గంటల ముందు అప్రమత్తత ప్రకటన, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక. తుపాను హెచ్చరిక వచ్చాక ఇంకా టికెట్లు వెతుకుతూ ఉన్నామంటే గడువు దాటిపోయినట్టే, ఎందుకంటే ఆ పాటికి రైళ్లు రద్దవుతుంటాయి, బస్సులు తగ్గిపోతాయి.

చాలామంది పిల్లలు ప్రేమ కొద్దీ చివరి రాత్రి కారు వేసుకుని బయలుదేరతారు. నా అభిప్రాయంలో అది సరైన పని కాదు. ఎనభై ఏళ్లవారిని రాత్రంతా వానలో ప్రయాణం చేయించడం కంటే, తీరం నుంచి కనీసం ముప్పై నలభై కిలోమీటర్లు లోనికి ఉన్న పట్టణంలోని బంధువుల పక్కా ఇంటికి, గుడివాడకో తణుకుకో రాజమహేంద్రవరానికో, పగటిపూట చేర్చడం మేలు. తీరం దాటిన తుపాను వాయవ్యంగా సాగి తెలంగాణ వైపు వస్తే అదే వాన హైదరాబాద్ రహదారి మీదనే కురుస్తుంది. బంధువులు లేకపోతే ప్రభుత్వ పునరావాస కేంద్రానికి వెళ్లాలి. తీరం పొడవునా ఉప్పెనను దృష్టిలో పెట్టుకుని కట్టిన తుపాను రక్షిత భవనాలు ఉన్నాయి.

వాళ్లు రామంటున్నారు. "పోయినసారి ఖాళీ చేయించారు, ఏమీ రాలేదు" అంటున్నారు. ఎలా ఒప్పించాలి?

వారి మాటలో నిజం ఉంది, దానిని ముందు ఒప్పుకోవాలి. 2013 నవంబరులో అతి తీవ్ర తుపానుగా భయపెట్టిన లెహర్, మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి వాయుగుండంగా బలహీనపడింది. చల్లని నీరు, పొడిగాలి, పై స్థాయిలో ఎదురుగాలులు తగిలితే తుపాను అలా నీరసిస్తుంది, చివరి రోజు దాకా ఖచ్చితంగా చెప్పడం కష్టం. కానీ అదే ఏడాది అక్టోబరులో ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ బలహీనపడలేదు. లక్షలాది మందిని ముందే తరలించడం వల్లనే, 1999లో వేల ప్రాణాలు పోయిన ఆ రాష్ట్రంలో ఈసారి మరణాలు పదుల సంఖ్యకే పరిమితమయ్యాయి.

పెద్దవారు కదలకపోవడానికి అసలు కారణాలు వేరే ఉంటాయి: ఇంటికి తాళం వేస్తే దొంగలు పడతారని, గేదెలకు మేత ఎవరు వేస్తారని, పునరావాస కేంద్రంలో మరుగుదొడ్డి ఎలా ఉంటుందోనని. వాటికి ఒక్కొక్కదానికి జవాబు వెతికిపెట్టండి. నగలు, పత్రాలు వెంట తీసుకువెళ్లే ఏర్పాటు చేయండి, పశువులను కట్టు విప్పి మెరక ప్రాంతానికి తోలించండి, "ఒక్క రాత్రి మాత్రమే నాన్నా" అని గడువు చెప్పండి. మనవలతో మాట్లాడించండి. ఫోనులో కేకలు వేస్తే మాత్రం వినరు.

ఇంట్లో ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

కరెంటు మూడు నాలుగు రోజులు ఉండదన్న లెక్కతో సిద్ధం కావాలి. ముందుగా నీరు: ట్యాంకు, బిందెలు, డ్రమ్ములు నింపి మూతపెట్టాలి, ఎందుకంటే మోటారు తిరగదు. ఆ తరువాత ఫోన్లు, పవర్ బ్యాంకులు, టార్చిలైట్లు ఛార్జి చేయాలి. ఏటీఎంలు పనిచేయవు, ఫోను చెల్లింపులు జరగవు కాబట్టి చిల్లరతో సహా కొంత నగదు ఉండాలి. అటుకులు, మరమరాలు, బిస్కెట్లు, పాలపొడి వంటి వండనక్కరలేని తిండి, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు తడవకుండా పెట్టాలి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, బీమా పత్రాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోవాలి. వాటి ఫొటోలు మీ ఫోనులో కూడా ఉంచుకోండి.

ఇంటి బయట ఎగిరిపోగల ప్రతి వస్తువూ ఆయుధమే. వదులుగా ఉన్న రేకులు, పెంకులు, ట్యాంకు మూతలు, పూలకుండీలు, ఫ్లెక్సీ చట్రాలు తీసేయాలి లేదా కట్టేయాలి. ఇంటి మీదికి వంగిన కొబ్బరి చెట్టు గెలలను, ఎండిన మట్టలను దింపించాలి. బయలుదేరే ముందు మెయిన్ స్విచ్, గ్యాస్ సిలిండరు తప్పనిసరిగా ఆపేయాలి.

నాన్నగారికి ఇన్సులిన్, అమ్మకు డయాలసిస్. వీళ్ల సంగతేమిటి?

వీరి విషయంలో ఎదురుచూడకూడదు, ముందస్తు సూచన వచ్చిన రోజే కదిలించాలి. డయాలసిస్ ఉన్నవారు, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారు, నెలలు నిండిన గర్భిణులు జనరేటర్ ఉన్న ఆసుపత్రికి దగ్గరగా ఉండాలి. డయాలసిస్ ఒక రోజు ముందుకు జరపడానికి వీలవుతుందేమో వైద్యులను అడగాలి. వాడుకలో ఉన్న ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ లేకపోయినా చల్లని నీడలో సాధారణంగా నాలుగు వారాల వరకు నిలుస్తుంది. తెరవని సీసాలను మూత బిగించిన డబ్బాలో పెట్టి, తడి ఇసుక ఉన్న మట్టికుండలో ఉంచడం మన ప్రాంతాలలో పనికొచ్చే పద్ధతి. బీపీ, షుగరు, గుండె మాత్రలు రెండు వారాలకు సరిపడా ముందే కొనిపెట్టాలి. మందుల చీటీ ఫొటో మీ దగ్గర ఉండాలి.

వరి కోతకు వచ్చింది. కోయించాలా, ఆపాలా?

హెచ్చరికకు, వానకు మధ్య రెండు పొడి రోజులు మిగిలి, పంట పూర్తిగా పండి ఉంటే యంత్రంతో కోయించి ధాన్యాన్ని లోపలికి చేర్చడం మంచిది. అంత సమయం లేకపోతే కోయకుండా ఆపడమే నయం. కోసి పొలంలో పనలుగా పరిచిన వరి నీటిలో నానితే నిలబడి ఉన్న పైరు కంటే త్వరగా మొలకెత్తుతుంది. కోసిన పంటను కుప్పలు వేసి టార్పాలిన్లు కప్పాలి, పొలంలో నీరు పోయే దారులు ముందే తీసి ఉంచాలి. వాన తగ్గాక పడిపోయిన పైరు వెన్నుల మీద ఐదు శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు, చల్లితే మొలకలు రాకుండా ఆపవచ్చు. మార్కెట్ యార్డులో ధాన్యం ఆరబోసినవారు దానిని అదే రోజు ఎత్తించుకోవాలి.

## తీరం దాటే రాత్రి

గాలి ఒక్కసారిగా ఆగిపోయిందట. ఇక అయిపోయినట్టేనా?

అదే అన్నిటికంటే ప్రమాదకరమైన ఘడియ. బలమైన తుపాను మధ్యలో కన్ను అనే ప్రశాంత ప్రదేశం ఉంటుంది. అది ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఆగిపోతుంది, కొన్నిసార్లు నక్షత్రాలు కూడా కనిపిస్తాయి. అది దాటిపోగానే గాలి ఇందాకటికి సరిగ్గా ఎదురు దిశ నుంచి, అంతే ఉధృతితో విరుచుకుపడుతుంది; మొదటి గాలికి కదిలిపోయిన చెట్లు, గోడలు రెండోదానికి కూలుతాయి. పశువులను చూసి వస్తామని, రేకులు సరిచేస్తామని ఆ సమయంలో బయటికి వచ్చినవారే ఎక్కువగా గాయపడతారు. తుపాను పూర్తిగా దాటిందని అధికారులు ప్రకటించేదాకా లోపలే ఉండాలి. కిటికీలకు దూరంగా, ఇంటి మధ్యలో ఉన్న చిన్న గదిలో అందరూ ఒకే చోట కూర్చోవడం మంచిది.

ఫోను కలవడం లేదు. నేనేం చేయాలి?

ముందుగా, ఫోను కలవకపోవడం వారికి ఏదో జరిగిందనడానికి గుర్తు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు అంత పెద్ద నగరంలోనే కరెంటు, ఫోన్లు రోజుల తరబడి స్తంభించిపోయాయి. పదే పదే ఫోను చేస్తే వారి బ్యాటరీ అయిపోతుంది, ఉన్న కాస్త నెట్‌వర్క్ మీదా భారం పడుతుంది. ఎస్సెమ్మెస్ పంపండి, మాట వెళ్లని చోట కూడా అది ఒక్కోసారి వెళుతుంది. అందరూ ఒకేసారి ప్రయత్నించకుండా కుటుంబంలో ఒక్కరిని నియమించుకోండి. ఊరిలో వేర్వేరు కంపెనీల సిమ్ ఉన్న ఇద్దరు ముగ్గురి నంబర్లు, పక్కింటివారివి, సచివాలయ ఉద్యోగివి ముందే రాసి పెట్టుకోవాలి.

సహాయం నిజంగా అవసరమని తెలిస్తే 112కు గానీ, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070కు గానీ, జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు గానీ చెప్పాలి. హైదరాబాద్ నుంచి 1077కు చేసేటప్పుడు ఆ జిల్లా ఎస్‌టీడీ కోడ్ ముందు కలపాలి, లేకపోతే ఫోను ఇక్కడి జిల్లాకే వెళుతుంది.

## ఆ వాన హైదరాబాద్ చేరినప్పుడు

తుపాను తీరం దాటింది కదా, ఇక్కడ మాకేమవుతుంది?

తీరం దాటాక గాలి త్వరగా తగ్గుతుంది, వాన తగ్గదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తడానికి వెనక ఉన్నదీ బంగాళాఖాతం నుంచి వచ్చిన వాతావరణ వ్యవస్థే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ విషాదం తరువాత కట్టినవి. 2020 అక్టోబరు 13న గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి జాతీయ రహదారి మీది వాహనాలు కొట్టుకుపోయాయి. 2025 అక్టోబరులో మొంథా నరసాపురం దగ్గర తీరం దాటిన మరునాడే వరంగల్, హనుమకొండ వీధులు నీట మునిగాయి. కాబట్టి తుపాను కోస్తాకు వస్తుంటే, చెరువుల కింద, నాలాల పక్కన ఉన్న కాలనీలవారు ఇక్కడ కూడా అంతే అప్రమత్తంగా ఉండాలి. సెల్లార్లలో వాహనాలు, లిఫ్టు మోటార్లు ఉన్న అపార్టుమెంట్లవారు ముందే కరెంటు ఆపే ఏర్పాటు చేసుకోవాలి.

వెంటనే కారులో ఊరికి బయలుదేరవచ్చా?

ఒక రోజు ఆగండి. విజయవాడ రహదారి నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు పొంగితే మూసుకుపోతుంది. 2023 జులైలో, 2024 సెప్టెంబరులో అలాగే జరిగింది. రోడ్డు మీద పారే నీటిలోకి కారును ఎన్నటికీ దింపకూడదు, రెండడుగుల నీరు చాలు బండిని తేల్చి పక్కకు తోయడానికి. రైళ్ల విషయం సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే ప్రకటనలలో చూడాలి; రైలు రద్దయితే ఆన్‌లైన్ టికెట్ డబ్బు దానంతటదే తిరిగి వస్తుంది.

## తుపాను వెళ్లిపోయాక

ఇంటికి తిరిగి వెళ్లాక మొదట ఏం చూడాలి?

తెగిపడిన కరెంటు తీగలు. నీటిలో పడి ఉన్న తీగ కంటికి కనిపించదు, అందుకే పగటి వెలుగులోనే, చేతిలో కర్రతో, చెప్పులు వేసుకుని లోపలికి వెళ్లాలి. తీగ కనిపిస్తే దాటకుండా విద్యుత్ సంస్థ నంబరు 1912కు చెప్పాలి. పాములు పొడి నేల వెతుక్కుంటూ ఇళ్లలోకి, కట్టెల కుప్పల్లోకి, మంచాల కిందికి చేరతాయి. తడిసిన గోడలు వాన ఆగిన రెండు రోజులకు కూడా కూలవచ్చు. నీటిని కాచి చల్లార్చి తాగాలి. ఉప్పెన నీరు చేరిన బావిని పూర్తిగా తోడించి, బ్లీచింగ్ వేయించి, ఆరోగ్య సిబ్బంది చెప్పాకే వాడాలి. పిల్లలకు, పెద్దవారికి విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ఇస్తూ వెంటనే వైద్య శిబిరానికి తీసుకువెళ్లాలి.

నష్టపరిహారానికి ఏం చేయాలి? మేము హైదరాబాద్‌లో ఉంటే పేరు రాస్తారా?

శుభ్రం చేయడానికి ముందే ఫొటోలు తీయించండి: కూలిన గోడ, పడిపోయిన చెట్లు, మునిగిన పైరు, చనిపోయిన పశువులు, ప్రతిదీ తేదీ కనిపించేలా. రెవెన్యూ, వ్యవసాయ సిబ్బంది ఊరికి వచ్చి లెక్క రాస్తారు. పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీకి సాధారణంగా పంట కనీసం 33 శాతం దెబ్బతిని ఉండాలి. ఫసల్ బీమా (పంటల బీమా) ఉన్నవారు కోసి పొలంలో ఆరబెట్టిన పంట తుపాను వానకు తడిస్తే 72 గంటలలోపు తెలియజేయాలి, ఆ గడువు చాలామంది పోగొట్టుకుంటున్నారు. పొలం మీ పేరున ఉండి కౌలుకు ఇచ్చి ఉంటే, నష్టపోయినది కౌలు రైతు కాబట్టి అతని పేరే రాయించండి. కౌలు గుర్తింపు పత్రం లేకపోతే మీరే సిబ్బందికి ఫోను చేసి సాగు చేసినది ఎవరో చెప్పండి. జాబితా సచివాలయంలో అతికించినప్పుడు పేరు ఉందో లేదో ఊళ్లోవారి చేత చూపించుకోండి, లేకపోతే అభ్యంతరం ఇచ్చేందుకు ఇచ్చిన రోజులలోగానే రాతపూర్వకంగా అర్జీ పెట్టించండి.